నాకో తేలిక పాట ఏరిపెట్టిన టీచరు గారు

మా జపనీస్ టీచరు గారు పోయారన్న కబురు నాకు భోజనాల విరామంలో తెలిసింది. నేను జపానులో ఒక వృద్ధుల సంరక్షణ గృహంలో పని చేస్తున్నాను. డ్యూటీలో ఫోను దగ్గర ఉంచుకోనివ్వరు. లాకరు తెరిచి చూస్తే, రాజమండ్రిలో నాతో కలిసి చదువుకున్న స్నేహితురాలి మెసేజి ఉంది. "మన టీచరు గారు పొద్దున్న పోయారే. నిద్రలోనే అంట. రేపు ధవళేశ్వరంలో సమాధి కార్యక్రమం." రెండుసార్లు చదివాను. లాకరు మూసి, చేతులు కడుక్కుని, వెళ్లి ఒక తాతగారికి జావ తినిపించాను. ఏడుపు రాలేదు. సిగ్గేసింది. అది అప్పుడు కొత్తగా వచ్చిన సిగ్గు కాదు, నాలుగేళ్లుగా నాలో ఉన్నదే.

టీచరు గారి గురించి నాలుగు మంచి మాటలు రాయమని ఆ స్నేహితురాలే అడిగింది. రాస్తాను. కానీ నేను చేసిన పని దాచిపెట్టి రాస్తే, ఆ మంచి మాటలకి అర్థం ఉండదు.

ఆవిడ ధవళేశ్వరంలో పుట్టి పెరిగారు. భర్త జపానులో ఒక ఇండియన్ హోటల్లో వంట చేసేవారు. ఆయనతో పాటు పన్నెండేళ్లు అక్కడే ఉన్నారు. హోటలు వెనక గిన్నెలు కడిగే ఆడవాళ్ల మధ్య కూర్చుని భాష నేర్చుకున్నారు. ఆయన పోయాక తిరిగొచ్చి, చెల్లెలు గారింట్లో ఉంటూ, రాజమండ్రిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మాలాంటి నర్సింగ్ పిల్లలకి జపనీస్ చెప్పేవారు. మేమంతా గుమ్మం దగ్గర చెప్పులు విసిరేసి లోపలికి పరిగెత్తితే, ఆవిడ వంగి ఒక్కో జతా వెళ్లేటప్పుడు వేసుకోవడానికి వీలుగా బయటి వైపుకి తిప్పి పెట్టేవారు. తప్పులు పెన్సిలుతోనే దిద్దేవారు. "ఎర్ర పెన్ను చూస్తే నాకే భయమమ్మా" అనేవారు. ఫ్లాస్కులో జీలకర్ర వేసిన వేడి నీళ్లు ఎప్పుడూ ఉండేవి. థైరాయిడ్ ఆపరేషను అయ్యాక ఆవిడ గొంతు బొంగురుపోయింది. మాట్లాడితే పర్వాలేదు. పాట పైకి వెళ్లిందంటే మాత్రం గొంతు రెండుగా చీలిపోయేది. అయినా చిన్నప్పటి నుంచీ పాడుతున్న చర్చి క్వయరు మానలేదు.

ప్రతి శుక్రవారం చివరి గంట పాటలకి. చిన్న స్పీకరు, మైకు, గోడ మీద తెర. "అక్కడ పని అయ్యాక అందరూ కలిసి పాడతారమ్మా. మీరు చూసుకునే పెద్దవాళ్లతో కూడా పాడించాలి. నాకు రాదని మూల కూర్చుంటే మొదటి నెల్లోనే ఒంటరైపోతారు" అనేవారు.

నాకు ఆ గంటంటేనే భయం. ఏడో తరగతిలో స్కూలు ప్రార్థనలో నా గొంతు కీచుమంటే స్కూలంతా నవ్వింది. ఆ తర్వాత బాత్‌రూములో కూడా పాడలేదు. ఆ సంగతి టీచరు గారికి ఒకసారి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. కాగితం, పెన్సిలు తీసుకుని పక్కన కూర్చున్నారు.

"కొత్త పాటల జోలికి వెళ్లకు. మాటలు గబగబా పరిగెడతాయి, మధ్యలో గొంతు గాల్లోకి ఎగరాలి. అవి పాడగలిగిన వాళ్లు పాడుకుంటారు. నువ్వు ముప్పై నలభై ఏళ్ల కిందటి పాప్ పాట తీసుకో. నడక నెమ్మది. పల్లవి అందరికీ వచ్చు కాబట్టి అక్కడికి వచ్చేసరికి వాళ్లే అందుకుంటారు, నీ గొంతు వాళ్ల గొంతుల్లో కలిసిపోతుంది."

"అది కూడా పలకకపోతేనండి?"

"మెషీనులో శృతి బటన్ ఉంటుంది. రెండు మెట్లు దించుకో. ఎవరూ ఏమీ అనుకోరు. నేనూ దించుకునే పాడతాను. ఇంకోటి, జపనీస్ మాటలు కూడా మన తెలుగులాగే ఎక్కువగా అచ్చుతో ఆగుతాయి. నోరు తెరిచి వదిలెయ్యడమే. మెట్లెక్కుతూ ఆయాసపడకుండా ఏ పాట కూనిరాగం తియ్యగలవో, అదే నీ పాట."

అలా వారం రోజులు ఐదారు పాటలు నాకు వినిపించి, చివరికి ఒకటి ఏరిపెట్టారు. వానలో బస్సు కోసం ఎదురుచూసే ఒకమ్మాయి పాట. మాటలు తెలుగు లిపిలో రాసి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడల్లా చిన్న చుక్క పెట్టి ఇచ్చారు.

తర్వాతి శుక్రవారం అందరి ముందూ నన్ను లేపారు. మైకు చేతిలోకి తీసుకుని, "రాదండి" అని కూర్చుండిపోయాను. క్లాసంతా నా వైపే చూసింది. టీచరు గారు మైకు అందుకుని, "చూడు, ఇంతే" అని ఆ పాట తనే పాడి చూపించారు. పల్లవి దగ్గర ఆవిడ గొంతు చీలింది. కళ్లు మూసుకుని పాట పూర్తి చేశారు.

నేను అది ఫోనులో తీశాను. గొంతు చీలిన ముక్క ఒక్కటే కత్తిరించి, నవ్వే బొమ్మలు నాలుగు తగిలించి, నాదని ఎవరికీ తెలియని నంబరు నుంచి మా క్లాసు గ్రూపులో పెట్టాను. క్లాసు నా గురించి మాట్లాడుకోకుండా ఆవిడ గురించి మాట్లాడుకోవాలని అలా చేశాను. అనుకున్నట్టే జరిగింది. సాయంత్రానికి ఎవరో దాన్ని స్టేటస్ పెట్టుకున్నారు. అక్కడి నుంచి అది ఎటెటో పోయింది.

పది రోజుల తర్వాత స్నేహితురాలు వచ్చి చెప్పింది. ఆమె, టీచరు గారు ఒకే చర్చికి వెళ్తారు.

"టీచరు గారు క్వయరు మానేశారే. చర్చి వెనకాల కుర్రాళ్లు ఏదో వీడియో పెట్టుకుని నవ్వుతుంటే, ఏంటా అని వెళ్లి చూశారంట. చూస్తే ఆవిడ వీడియోనే. ఎవరు తీశారో పాపం!"

"ఎవరో" అన్నాను నేను.

ఆ తర్వాత శుక్రవారం గంట ఆగలేదు కానీ ఆవిడ పాడటం ఆపేశారు. పాట ఫోనులో పెట్టి, చేత్తో తాళం వేసి చూపించేవారు. నాది కడియం. ఆవిడా నేనూ రోజూ ఒకే షేర్ ఆటోలో వచ్చేవాళ్లం, ఆవిడ ధవళేశ్వరంలో దిగిపోయేవారు. ఒకరోజు ఆటోలో మేమిద్దరమే ఉన్నాం. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది.

"టీచర్ గారండీ..."

"ఏంటమ్మా?"

"ఏం లేదండి."

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూశారు. చెబుతానేమోనని చూశారని ఇప్పుడు అనిపిస్తుంది. తర్వాత కాలవ వైపు తిరిగి, "నీ పాట మెట్లెక్కుతూ అనుకుంటున్నావా?" అని అడిగారు. అనుకుంటున్నానని అబద్ధమాడాను.

రెండు నెలలకి జపాను నుంచి మమ్మల్ని ఎంపిక చెయ్యడానికి ఇద్దరు వచ్చారు, ఒక పెద్దావిడ, ఒకాయన. ఇంటర్వ్యూలు అయ్యాక ఇన్‌స్టిట్యూట్‌ హాల్లో భోజనాలు, ఆ తర్వాత పాటలు. నా పేరు పిలిచారు. సంగీతం మొదలైంది. తెర మీద మొదటి లైను వెళ్లిపోయింది. రెండోదీ వెళ్లిపోయింది. నేను మైకు పట్టుకుని తెర వంక చూస్తూ ఉండిపోయాను. ఆ ఉద్యోగం కోసం మా నాన్న నర్సరీలో ఆదివారాలు కూడా మొక్కలు లారీలకెత్తుతూ నన్ను చదివించాడు. అంతా పోయిందనుకున్నాను.

టీచరు గారు ఒక పక్కన అతిథులకి టీ పోస్తున్నారు. కెటిల్ కింద పెట్టి నా దగ్గరకి వచ్చారు. మెషీను మీద శృతి బటన్ రెండుసార్లు నొక్కారు. నా మణికట్టు పట్టుకుని, పాడటం మొదలుపెట్టారు.

మొదటి లైనులోనే గొంతు చీలింది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ విన్నారు. వేళ్లు నా చెయ్యి మీద ఇంకాస్త బిగిశాయి కానీ పాట ఆగలేదు. పల్లవి రెండో లైనులో నాకు గొంతు వచ్చింది. ఆవిడ గొంతు చాటున నిలబడి చివరిదాకా పాడాను. జపాను పెద్దావిడ తాళం వేస్తూ తానూ అందుకుంది. పాట అయ్యాక మైకు నా చేతిలోనే వదిలేసి, టీచరు గారు వెళ్లి మళ్లీ టీ పోశారు.

ఆ వారంలోనే నాకు సెలక్షన్ లెటరు వచ్చింది. వెళ్లి "థాంక్యూ అండి" అన్నాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

జపాను వచ్చాక పండక్కి, పుట్టినరోజుకి ఫోను చేసేదాన్ని. "అక్కడ పాడుతున్నావా?" అని అడిగేవారు. "పాడుతున్నానండి" అనేదాన్ని. అది నిజమే. ఆవిడ ఏరిచ్చిన పాట ఇక్కడ అందరికీ వచ్చు. ఆ పాటతోనే వీళ్లు నన్ను తమ మధ్య కూర్చోబెట్టుకున్నారు. "ఈసారి చెప్పాలి" అనుకుని డయల్ చెయ్యడం, వాతావరణం గురించి మాట్లాడి పెట్టెయ్యడం. నాలుగేళ్లు అలాగే గడిచిపోయాయి.

సమాధి అయిన మర్నాడు ఆవిడ చెల్లెలు గారికి ఫోను చేశాను. పేరు చెప్పుకుని, ఇక ఆగితే మళ్లీ ఆగిపోతానని ఒక్క గుక్కలో అనేశాను.

"ఆ వీడియో తీసింది నేనండి."

"తెలుసమ్మా" అన్నారావిడ.

"ఎలా తెలుసండి?"

"అక్కే చెప్పింది. మొదటి బెంచీలో, కిటికీ పక్క నుంచి తీస్తేనే అలా కనబడతానంది. అక్కడ కూర్చునేది నువ్వేనంట. 'తన గొంతు విని ఎవరు నవ్వుతారోనని ఆ పిల్లకి భయమే. అందుకే ముందు నా గొంతు చూపించింది' అంది. అంతే, మళ్లీ ఆ ఊసెత్తలేదు."

నేను ఏడుస్తున్నాను. ఆవిడ నన్ను ఊరుకోబెట్టలేదు.

"అక్క అలా అనేసి ఊరుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతూనే ఉంది. ప్రతి ఆదివారం నీటుగా చీర కట్టుకుని వచ్చి వెనక వరసలో కూర్చునేది. పాటల పుస్తకం తెరిచి పట్టుకునేది, పెదవి మాత్రం కదిపేది కాదు. పక్కన కూర్చుని అది చూసింది నేను. నీకది తెలీదు కదా?"

"తెలీదండి."

"ఇప్పుడు తెలిసింది కదా. ఉంటానమ్మా" అని పెట్టేశారు.

ఆవిడ కోపం న్యాయమే. క్షమించమని అడగాల్సిన మనిషి లేరు. అందుకే ఆ రోజు ఆ వీడియో చూసి నవ్విన వాళ్లకీ, ఎవరు తీశారో తెలియక ఒకరినొకరు అనుమానించుకున్న నా క్లాసు వాళ్లకీ కూడా తెలియాలని ఇది రాస్తున్నాను. తీసింది నేను.

మా దగ్గర గురువారం మధ్యాహ్నాలు పాటలు ఉంటాయి. ఈ వారం వంతు నాది. చక్రాల కుర్చీలు అర్ధచంద్రంలా పెట్టి, మధ్యలో నిలబడి టీచరు గారి పాటే పాడాను. సగానికి వచ్చేసరికి కళ్లూ ముక్కూ కారుతున్నాయి, మాటలు ఎటో పోయాయి. అయినా మైకు కింద పెట్టలేదు. ముందు వరసలో ఒక మామ్మ గారున్నారు. తొంభై దాటాయి. నేను చేరినప్పటి నుంచీ ఆవిడ నోట ఒక్క మాట వినలేదు. ఆవిడ చెయ్యి చాచి నా ఏప్రాన్ పట్టుకుని కిందికి లాగింది. ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. తన మెడకి కట్టిన తువ్వాలు కొస చేతికి చుట్టుకుని, అన్నం తిన్న పసిపిల్ల మూతి తుడిచినట్టు, నా మొహం ఈ చెంప నుంచి ఆ చెంప దాకా మెల్లగా తుడిచింది. తుడిచి, సరిగ్గా శుభ్రమైందో లేదోనని నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపుకి తిప్పి చూసింది.