గది నింపిన రాజు, చెలక నింపిన అవ్వ

నాకు ఇంగ్లీషు బాగా వచ్చని ఆ ఊళ్లో అందరూ నమ్మేవారు. నేనూ కాదనలేదు. పంతొమ్మిది వందల అరవైలలో ఆ ఊరికి వచ్చిన మొదటి పంతులమ్మను నేను. పైగా చర్చి బడిలో చదువుకున్నదాన్ని. ఆ మాత్రం గొప్ప చెప్పుకోకపోతే ఎట్లా? ఆ గొప్ప కాస్తా నారాయణపేటలో ఒక ఆదివారం సినిమా పగటాటలో ఊడిపోయింది. ఊడినందుకు ఇప్పటికీ నాకు సంతోషమే.

మాది మోత్కూరు వైపు. ఉద్యోగం మాత్రం కోస్గికీ నారాయణపేటకూ నడుమ ఉన్న ఒక చిన్న ఊళ్లో. అక్కడ గొర్రెలు కాసుకునే ఒక అవ్వ ఇంటి వెలుపలి గదిలో కిరాయికి ఉండేదాన్ని. అవ్వకు భర్త పోయి చాలా ఏళ్లయింది. ఒక్కడే కొడుకు, పెళ్లీడు వాడు, మాట తక్కువ. వాడు మిగిల్చిన మాటలన్నీ అవ్వే వాడుకునేది. నేను పొయ్యి ముట్టిస్తే చాలు, గోడ అవతలి నుంచి, "ఏంది పంతులమ్మా గా పొగ? ఊరు కాలబెడుతున్నవా?" అని అరిచేది. "ముందు మీ ఇల్లే కాలబెడత, జర ఓపిక పట్టు" అని నేనూ అరిచేదాన్ని. వాళ్లకు భూమి లేదు. ఉన్నదల్లా మంద. నూటికి కాస్త తక్కువ జీవాలు.

ఆ మంద మాఘమాసంలో ఊరి పటేల్ జొన్న చేలో పడింది. కొడుకు చెట్టు కింద ఒక్క కునుకు తీశాడు, అంతే. తిన్నది రెండు సాళ్లు కూడా లేదు. పటేల్ మాత్రం ఆకాశం విరిగి పడ్డట్టు చేశాడు. ఠాణాకు పోతానన్నాడు, కొడుకును లోపల వేయిస్తానన్నాడు. చివరికి మెత్తబడ్డట్టు నటించి ఒక దారి చూపించాడు: "నా పడమటి చెలకల మంద ఆపుండ్రి. చెలకంతా అయినంక తోలుకపోండ్రి."

ఆ వైపు రాత్రిపూట మందను తమ పొలంలో ఆపమని రైతులు గొర్రెలవాళ్లను బతిమాలుకుంటారు. ముళ్లకంచె కట్టి మందను అందులో పడుకోబెట్టి, రోజుకు కొంత జాగా చొప్పున జరుపుకుంటూ పోతారు. చెలక, అంటే ఆ మెట్ట చేను అంతా పెంటికల ఎరువు పడి, ఆ ఏడు పంట విరగకాస్తుంది. అందుకు గొర్రెలవాళ్లకు గింజలు కొలిచి ఇస్తారు. పటేల్ ఒక్క గింజ ఇవ్వకుండా ఆ పని చేయించుకోదలిచాడు. తప్పు మనది, పోనీలే అనుకుంది అవ్వ. పడమటి చెలక అయిపోయింది. మందను వదలమంటే, "గా బాయికాడి చెలక గూడ కానియ్యి" అన్నాడు.

ఇంతలో ఎండలు ముదిరాయి. ఊరి చుట్టూ గడ్డిపోచ లేదు. ఏటా ఆ పాటికి మంద కృష్ణ ఒడ్డుకు వలస పోయి ఉండాలి. ఇప్పుడేమో పటేల్ జీతగాడు కర్ర పట్టుకుని పగలు కూడా వెంటే ఉంటాడు, పొలిమేర దాటనివ్వడు. మందలో ముప్పై దాకా చూడి గొర్రెలు. నీళ్లు తాగడానికి వంగితే వాటి పక్కటెముకలు కనిపించేవి. ఇంకో పది రోజులు ఇక్కడే ఉంటే తల్లులకు పాలు పడవు, ఈనిన పిల్లలు బతకవు, ఆ వెనకే తల్లులూ పోతాయి. మంద పోతే ఆ ఇంట్లో మిగిలేది రెండు గొంగళ్లు, అవ్వ నోరు.

అవ్వ నన్ను సలహా అడిగింది. నేనేం చెప్పానో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. "పెద్దమనిషి, మాట ఇచ్చిండు గద అవ్వా. బాయికాడిది అయినంక ఇడుస్తడు" అన్నాను. నా బడి నడిచేది పటేల్ ఇచ్చిన కొట్టంలో మరి. ఆయనకు కోపం వస్తే కొట్టం పోతుంది, నాకు బదిలీ వస్తుంది. ఆ భయంతోనే అన్నాను. అవ్వ నా చదువును నమ్మి తలూపింది.

బాయికాడి చెలక ఇంకో రెండు రోజుల్లో అయిపోతుందనగా, గొంగడి అమ్మడానికి అవ్వ నారాయణపేట సంతకు బయల్దేరింది. బడికి సుద్దముక్కలు కావాలని నేనూ వెంట వెళ్లాను. గొంగడి తొందరగానే అమ్ముడుపోయింది. బస్సుకు చాలా పొద్దుంది. సినిమా హాలు ముందు నుంచి నడుస్తుంటే అవ్వ ఠక్కున ఆగిపోయింది. గోడ మీద బొమ్మలో కిరీటం పెట్టుకున్న రాజు, కత్తులు పట్టుకున్న గడ్డాలవాళ్లు, మూలన పొడుగు మెడ జంతువు ఒకటి. అవ్వకు రాజు కనపడలేదు.

"గిదేం జీవం పంతులమ్మా? మూతి గొర్రెది, మెడ ఒంటెది. ఉన్ని జూడు, ఉన్ని!"

"ఆ రాజు దేశం గొర్రె అనుకో."

"యాడిది?"

"దక్షిణ అమెరికాది."

"ఎంత దూరముంటది?"

"బస్సు పోదు అవ్వా."

"అయితే గీడనే జూద్దాం పా" అని నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

రేకుల కప్పు కింద నేల టికెట్లో కూర్చున్నాం. వేడి, బీడీ పొగ. ఆట మొదలైంది. అది ఇంగ్లీషు బొమ్మ అని అప్పుడు తెలిసింది జనానికి. అందరూ గొణుక్కుంటుంటే అవ్వ లేచి నిలబడి, "మా పంతులమ్మకు ఇంగ్లీషు వస్తది, చెప్తది, ఊకోండ్రి!" అని ప్రకటించింది. నాలుగు వరుసల తలలు నా వైపు తిరిగాయి. చచ్చాను దేవుడా అనుకున్నాను. ఆ తెరమీది వాళ్లు నోట్లో రాళ్లు పోసుకున్నట్టు మాట్లాడుతున్నారు. నాకు తెలిసింది రెండే ముక్కలు, రాజు, బంగారం. మిగతాదంతా నేనే అల్లాను.

"వీళ్లు స్పెయిన్ దేశపోళ్లు. దారి తప్పి వచ్చిండ్రు" అన్నాను.

"దారి తప్పినోళ్లు తుపాకులెందుకు తెచ్చుకున్నరు?" అంది అవ్వ. హాలంతా నవ్వింది.

పొడుగు మెడ జీవాలు మూటలు మోస్తూ కొండ ఎక్కుతుంటే అవ్వ సగం లేచింది. "అయ్యో, గొర్రె మీద మూటలేంది, మీ చేతులిరగ!" అని గడ్డాలవాళ్లను తిట్టింది. తర్వాత ఆ దేశాన్నేలే ఇంకా తెగవాళ్ల రాజు పల్లకీలో వచ్చాడు. చుట్టూ వేల మంది, ఒక్కరి చేతిలోనూ ఆయుధం లేదు. మెడలో సిలువతో, పొడుగు అంగీ వేసుకున్న పాదిరి ఒకాయన రాజు చేతికి ఒక పుస్తకం ఇచ్చాడు. రాజు దాన్ని తిప్పి చూసి కింద పడేశాడు. ఆ సాకుతో గుర్రాలు, ఫిరంగులు మీద పడ్డాయి. చూస్తుండగానే మనుషులు కుప్పలుగా కూలిపోయారు. అవ్వ నా చెవిలో, "గది మీ పుస్తకమే గద?" అంది. "కాదు, వేరే వాళ్లది" అన్నాను. నా మొహం ఎంత వేడెక్కిందో ఆ చీకట్లో ఎవరికీ కనపడలేదు, అదొక్కటే మేలు.

ఆ తర్వాత ఎవరికీ నా తెలుగు అక్కర లేకపోయింది. బందీ అయిన రాజు గోడ దగ్గర నిలబడి చెయ్యి పైకెత్తాడు. ఆ ఎత్తున గోడ మీద గీత గీశారు. అంతదాకా గదిని బంగారంతో నింపితే వదిలేస్తామని గడ్డాల నాయకుడు తలూపాడు. నలుమూలల నుంచీ బంగారం వచ్చింది. కడవలు, పళ్లేలు, దేవుళ్ల బొమ్మలు, మనుషులు మోసుకొచ్చి పోస్తున్నారు. కుప్ప పెరుగుతోంది.

"ఇడుస్తడా?" అంది అవ్వ మెల్లగా.

"ఇడుస్తడు అవ్వా. మాట ఇచ్చిండు గద."

అన్నాక గానీ నాకు తెలియలేదు. పటేల్ గురించి చెప్పిన మాటే, అదే గొంతుతో, మళ్లీ చెప్పాను. అవ్వ తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా, "ఇడువడు" అంది.

గది గీత దాకా నిండింది. నాయకుడు వచ్చి చూశాడు, కాగితాలేవో చదివించాడు. రాజును గుంజకు కట్టి మెడకు తాడు బిగించారు. జనం అయ్యో అన్నారు. వెనక నుంచి ఎవడో, "ఏం పంతులమ్మా, ఇడుస్తడంటివి?" అన్నాడు. అవ్వ లేచి, "పా" అంది. బొమ్మ ఇంకా అయిపోలేదు. నేనూ లేచాను.

బయట ఎండ కళ్లలో కొట్టింది. బస్సు ఆగే చోట కూర్చున్నాక అవ్వ అడిగింది.

"ఆ రాజు దిక్కు మంది ఎంతమంది?"

"వేలు."

"ఆ గడ్డపోళ్లు?"

"రెండు వందలు గూడ ఉండరు."

"మరి గంత మంది చేతులు కట్టుకోని బంగారం మోసుడేంది?"

దానికీ ఏదో ఒకటి అల్లవచ్చు. అల్లలేదు. "నాకు తెల్వది అవ్వా. ఆ ఇంగ్లీషు నాకు సమజ్ కాలే. సగం నేనే కల్పించి చెప్పిన. రాజు వాళ్ల చేతుల ఉన్నడు గద, ఏమన్న చేస్తే సంపుతరని భయపడ్డరేమో."

"భయపడ్డా సంపిండ్రు గద."

"సంపిండ్రు."

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "వాళ్లు బంగారం మోసిండ్రు, నేను పెంటికలు మోస్తున్న. నాకన్న వాళ్లే నయం, వాళ్లకు గీతన్న గీసిండ్రు" అని, ఒక్కసారిగా పకపకా నవ్వింది. నవ్వుతూ ఉంటే కళ్లవెంట నీళ్లు. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "నేను జెప్పింది తప్పు అవ్వా. పటేల్‌కు భయపడి జెప్పిన" అన్నాను. "తెలుసు తియ్యి" అంది.

మంగళవారం పొద్దున బాయికాడి చెలక పూర్తయింది. అవ్వ నన్ను రమ్మనలేదు. నేనే వెళ్లాను. బావి దగ్గర నీళ్లకు వచ్చినవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. పటేల్ వేపపుల్ల నములుతూ, అవ్వ నోరు తెరవకముందే, "ఇగ గా రాళ్ల చెలక ఒక్కటే. గదొక్కటి అయితే అయిపాయె" అన్నాడు.

"పటేలా, ఆఖరి చెలక ఏదో గీ పదిమంది ముంగట జెప్పు. గెట్టు, హద్దు చూపెట్టు."

"నీకెందుకే గంత తొందర?"

"చూపెట్టు."

పటేల్ జనం వైపు చూశాడు, పుల్ల ఉమ్మేశాడు. "నాకు ఇడువాలనిపించినప్పుడు ఇడుస్త. పో" అన్నాడు.

అవ్వ ఇక ఆయనతో మాట్లాడలేదు. మంద వైపు తిరిగి గొంతులోంచి ఒక పొడుగాటి కూత తీసి, నాలుకతో రెండుసార్లు టక్కుమనిపించింది. ముసలి పొట్టేలు తల ఎత్తింది. మరు క్షణం కంచెలోని మందంతా లేచి నిలబడింది. అవ్వ మళ్లీ కూత వేసింది. జీవాలన్నీ ఒక్క పెట్టున ముళ్లకంచె మీద పడ్డాయి. కంచె ఒరిగిపోయింది. కర్ర పట్టుకున్న జీతగాడు పక్కకు జరిగాడు. మంద తోసిందో, వాడే జరిగాడో నాకు తెలియదు. వాడే జరిగాడని అనుకోవడం నాకిష్టం.

"ఠాణాకు పోత! నీ కొడుకును లోపలేయిస్త!" అని పటేల్ అరిచాడు.

అప్పుడు ఒక గొంతు వినపడింది. "పోండ్రి పటేలా, నేను గూడ వస్త. ఒక్క గింజ ఇయ్యకుంట రెండు చెలకలు చేయించుకున్నరని నేను సాక్ష్యం చెప్త. రాసిస్త." ఆ గొంతు నాదే.

పటేల్ నన్ను కిందికీ మీదికీ చూశాడు. "కొట్టం ఖాళీ చెయ్యి" అన్నాడు.

"చేస్త" అన్నాను. నెలన్నర నుంచి నేను భయపడ్డది ఇంతేనా! ఒక్క మాటతో అయిపోయింది.

ఆయన ఠాణాకు పోలేదు. పోతే రెండు చెలకల సంగతి ఆయన నోటితోనే చెప్పాలి కదా. బడిని చావడికి మార్చాను, నా బదిలీ కాగితం ఏదీ రాలేదు. కొడుకు తోలుకెళ్లిన మంద కృష్ణ ఒడ్డు చేరిందని, గొర్రెలు ఈనుతున్నాయని, తల్లులకు పాలు పడ్డాయని వారం తిరగకుండా కబురు వచ్చింది. రెండు పిల్లలు పోయాయట, మిగతావన్నీ బతికాయి.

మంద వెళ్లిపోయిన ఆ మధ్యాహ్నం, దక్షిణం బాటలో దుమ్ము అణిగేదాకా నిలబడి చూసి, అవ్వ ఇంటికి వచ్చింది. తన గడప దాటలేదు. నా గది ముందు కూలబడింది.

"ఆకలైతాంది పంతులమ్మా. ఇన్ని దినాల సంది ముద్ద దిగలే. ఏమన్న ఉన్నదా?"

నేను కదలకుండా నిలబడిపోయాను. మాది ఊరవతలి వాడ. మా తాతలు ఇట్లాంటి ఇళ్ల పశువుల కొట్టాలు ఊడ్చినవాళ్లు. అవ్వ నాకు గది ఇచ్చింది గానీ, ఏడాదిలో ఒక్కసారి కూడా నా కడవ నీళ్లు తాగలేదు. నేనూ ఇవ్వబోలేదు. ఆ సంగతి ఎత్తకుండానే రోజూ ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం.

"నేను వండిందే అవ్వా" అన్నాను.

"మరి నువ్వు గాక ఎవరొండుతరు, మీ ఇంట్ల?"

జొన్నరొట్టె, గిన్నెలో పచ్చిపులుసు తెచ్చి ముందు పెట్టాను. అవ్వ రొట్టె తుంచి, పులుసులో ముంచి, నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలింది. నేను ఆమె మొహంలోకే చూస్తున్నాను.

"ఉప్పు తక్కువైంది" అంది. ఆ రొట్టె అయ్యాక చెయ్యి చాపింది. "ఇంకోటి పెట్టు."