మేడం గారు చూసే చోటు

మా మేడం గారు పోయారని మొన్న పొద్దున విజయవాడ ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఇంటర్‌లో నాకు జువాలజీ చెప్పిన మనిషి. తిరువూరులో చాలా ఏళ్ళుగా మా పక్కిల్లే. వీధిలో చెబితే అందరూ అయ్యో అన్నారు. ఒకావిడ మాత్రం గొంతు తగ్గించి, "ఇంక మన ఇళ్ళకి రారన్నమాట," అంది. అందులో ఉన్నది బాధ కాదు, ఊరట. అదెందుకో మీకు చెప్పాలి.

ఇక్కడికి రాకముందు మేడం గారు హైదరాబాదులో ఒక ల్యాబులో పనిచేశారు. ఊపిరితిత్తులు ఉన్నట్టుండి నీరు పట్టి, గాలి అందకుండా బిగుసుకుపోయే జబ్బు ఒకటుంది. డాక్టర్లు ఏఆర్‌డీఎస్ అంటారు. దాన్ని ఎలుకల్లో పరిశీలించడం ఆవిడ పని. క్లాసులో ఒకమ్మాయి అడిగింది.

"ఎలుకలకి ఆ జబ్బు ఎలా వస్తుంది మేడం?"

"రాదమ్మా. మేమే తెప్పిస్తాం."

ఆవిడే చెప్పుకుపోయారు. "మత్తిచ్చి గాలిగొట్టంలో యాసిడ్ చుక్కలు వేస్తాం. మనుషుల్లో కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే జరిగేది అదే. మత్తు దిగాక ఎలుక లేస్తుంది. మూతి తుడుచుకుంటుంది, గింజలు తింటుంది. ఏమీ కాలేదే అనిపిస్తుంది. భయపడాల్సింది అప్పుడే."

"తర్వాత బతుకుతుందా మేడం?"

"బతికినా మేం ఉంచం. కోసి లోపల చూడాలి కదా."

అని, అటు తిరిగి బోర్డు తుడవడం మొదలుపెట్టారు. బోర్డు మీద ఏమీ రాసి లేదు.

ఆ పని వదిలేసినా దాని అలవాటు ఆవిడని వదల్లేదు. జబ్బు మనిషిని చూడ్డానికి వెళితే ఆవిడ చూపు మొహం మీద ఉండదు. గొంతు కింద, ఎముకల మధ్య గుంట మీద ఉంటుంది. ఊపిరి తీసినప్పుడల్లా అది లోపలికి పీక్కుపోతోందా అని చూస్తూ మాట్లాడకుండా కూర్చుంటారు. బస్సులో పక్కన నిద్రపోతున్నవాళ్ళని కూడా అలాగే చూసేవారు. ఆవిడ వచ్చి కూర్చున్న ఇళ్ళలో ఒకటి రెండు చోట్ల మనుషులు పోయారు. దాంతో వీధికి భయం పట్టుకుంది. గేటు చప్పుడైతే, "నిద్రపోతున్నారండీ, తర్వాత రండి," అని బయటినుంచే పంపేసేవాళ్ళు. ఆవిడకి తెలియక కాదు. "నా మొహం అలాంటిదిలే," అని నవ్వేవారు.

మా నాన్న రెడ్డిగూడెంలో మామిడి తోట చూసి వచ్చిన రోజు షుగరు పడిపోయి కూలబడ్డారు. స్పృహ లేకుండానే వాంతి అయింది, అది పొలమారింది. తీపి నీళ్ళు పట్టాక లేచారు. కాసేపు దగ్గి, మొహం కడుక్కుని, కాఫీ తాగుతూ మా అమ్మతో హాస్యాలు ఆడుతున్నారు. మేడం గారు వచ్చారు. నాన్న ఎదురుగా కూర్చుని చూశారు. చూపు గొంతు కిందే ఉంది.

"విజయవాడ తీసుకెళ్ళండి. ఇప్పుడే."

"బాగానే ఉన్నారుగా టీచరుగారూ! ఒక్క మంచి మాట చెప్పరా మీరు?" అని అమ్మ విసుక్కుంది.

"బాగానే ఉన్నారు. అందుకే ఇప్పుడే వెళ్ళమంటున్నాను."

కారు ఎ.కొండూరు దాటేసరికి నాన్న మాటలు తగ్గాయి. మైలవరంలో పెదవులు నీలంగా ఉన్నాయి. చాలా రోజులు ఊపిరి పోసే మిషన్ మీద ఉండి, బతికి వచ్చారు. అమ్మ వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకుంది. "ఎలుకలు చెప్పినదే నేను చెప్పానండీ. ప్రతిసారీ మనుషుల్లో నిజమవదు. మా ఎలుకలు పడుచువి, ఏ రోగం లేనివి. మనం అలా ఉండం కదా," అన్నారు ఆవిడ.

ఈ వానల్లో ఆవిడకి జ్వరం వచ్చింది. నేను చారన్నం పట్టుకెళితే మంచం మీద కూర్చుని ఇష్టంగా తిన్నారు. మా పాప చదువు అడిగారు. గిన్నె పక్కన పెట్టి, "అమ్మాయ్, ఇలా ఎదురుగా కూర్చో. నన్ను చూడు," అన్నారు.

మొహం చూశాను.

"అక్కడ కాదు."

చూపు కిందికి దించాను. గొంతు కింద గుంట లోపలికి పోతోంది, వస్తోంది, మళ్ళీ పోతోంది.

"లాగుతోందా?" అని అడిగారు. అవునని తల ఊపాను. "సరే, కారు పిలువు," అన్నారు.

ఆసుపత్రిలో మిషన్ పెట్టే ముందు, మాస్కు కొంచెం ఎత్తి, కుర్ర డాక్టరుతో ఆగి ఆగి అన్నారు. "ఊపిరి చిన్నది పెట్టు నాయనా. పెద్దది పెడితే ఊపిరితిత్తుల్ని మిషనే చింపేస్తుంది."

"మేం ఎప్పుడూ అలాగే పెడతాం మేడం."

"ఎవరు నేర్పారు?"

"పుస్తకాల్లోనే ఉంది మేడం. ముందు జంతువుల మీద చూశారట."

ఆవిడ ఆ అబ్బాయి వంక కాసేపు చూశారు. ఈసారి మొహమే చూశారు. తర్వాత మాస్కు తనే సర్దుకున్నారు. ఆవిడ గొంతు నేను మళ్ళీ వినలేదు.

ఊపిరితిత్తులు తెరుచుకోలేదు. చివర్లో బోర్లా పడుకోబెట్టారు, అలాగైతే గాలి కొంచెం ఎక్కువ అందుతుందని. గది తలుపు అద్దంలోంచి నాకు మొహం కనిపించలేదు. ఎవరో నర్సు శ్రద్ధగా అల్లిన తెల్లటి జడ వీపు మీద పడి ఉంది. మిషన్ చప్పుడు చేసినప్పుడల్లా ఆ జడ కొంచెం లేచేది, కొంచెం దిగేది.