పెద్దమ్మ అడిగిన తలుపు

మా పెద్దమ్మ ఎవరింటికి వెళ్లినా కూర్చునే ముందు ఒకటే అడిగేది: "ఎనక తలుపు ఎటేపున్నాది?" చూపించేదాకా మంచినీళ్లు కూడా ముట్టేది కాదు.

ఆమె విదేశంలో నర్సుగా పనిచేసింది. అక్కడ యూదుల మీద దాడులు మొదలైనప్పుడు ఎన్నో కుటుంబాలను తన గదిలో దాచి, జీతమంతా వాళ్లకే పెట్టి సరిహద్దు దాటించింది. సొంతూరు టెక్కలి తిరిగొచ్చాక కూడా పింఛనులో సగం వాళ్లకే పంపేది. "ఆళ్లు మనకేటవుతారు?" అని మేం నవ్వినా మానేది కాదు.

తుపానుకు పలాసలో మా చర్చి కూలిపోతే, మళ్లీ కట్టించడానికి తన జీడితోట అమ్మేసింది. ఒక్కటే షరతు: వేదిక వెనక తలుపుండాలి.

"ఇక్కడ మన మీదికి ఎవలొత్తారు, పెద్దమ్మా?" అన్నాను.

"ఆ యూదులూ అలాగే అనుకున్నార్రా. ఆళ్ల గుడిలో పార్థన సేత్తంటే బయట గెడెట్టీసి నిప్పెట్టీసినారు."

తలుపు పెట్టించాం. ఆమె పోయాక, స్పీకరు పెట్టెలకు చోటు చాలక ఆ తలుపుకే అడ్డంగా పేర్చేశాం. పేర్చింది నేనే.

మొన్న ఆదివారం రికార్డు పాటతో గొంతు కలుపుతుండగా బయట చాలామంది అడుగుల చప్పుడైంది. ఆ వెంటనే ముందు తలుపుకు బయటినుంచి గడియ పడింది. కాసేపటికి ఎవరో నవ్వుతూ గడియ తీసి వెళ్లిపోయారు. ఆ కాసేపూ అందరం వేదిక వెనక్కే చూస్తూ నిలబడ్డాం. నేను పేర్చిన పెట్టెల్లోంచి పాట వస్తూనే ఉంది.