వెనక రాడ్డు

గొంతులో ముల్లు పెట్టుకొని ఇన్నేళ్లు సంసారం చేశాను. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మీతో చెప్పగలుగుతున్నాను.

నా భార్య సరిత కుడి మణికట్టు పూర్తిగా తిరగదు. ఇంట్లో తడి బట్టలు పిండేది నేనే. "మా ఆయన బంగారం" అని చెల్లెళ్లకు చెప్పుకొని మురిసిపోతుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అప్పుడు ఇద్దరం యూనివర్సిటీలో చదువుతున్నాం. ఆమె అంటే నాకు ప్రాణం. ఆమెకు నేను నోట్సులిచ్చే క్లాస్‌మేట్‌ని, అంతే. ఒక సాయంత్రం ఎంతకీ బస్సు రాకపోతే తార్నాకలో దింపుతానన్నాను. ఆమె అంతవరకు మోటార్‌సైకిల్ ఎక్కి ఎరుగదు. బండి మా అన్నది. ఇచ్చేటప్పుడే చెప్పాడు: "కొత్తగ ఎక్కేటోళ్లకు ముందుగాల సీటెనక రాడ్డు చూపియ్యిరా. గట్టిగ పట్టుకున్నంక కదులు."

ఒకవైపుగా కూర్చొని, బిక్కుబిక్కుమంటూ అడిగింది.

"ఏడ పట్టుకోవాలె?"

"ఎనక రాడ్డు పట్టుకోకు, లూజున్నది. నా భుజం పట్టుకో."

"అమ్మో, అందరు చూస్తరు!"

రాడ్డు లూజు కాదు. ఆ చెయ్యి నా భుజం మీద పడాలన్న ఆశ. ఆమె ఏదీ పట్టుకోలేదు, ఒళ్లో బ్యాగునే రెండు చేతులా హత్తుకుంది. అద్దంలో చూశాను. ఆగాల్సింది. ముందు స్పీడ్‌బ్రేకర్ ఉంది, ఇప్పుడైనా పట్టుకుంటుందిలే అని స్పీడు తగ్గించలేదు. దాన్ని ప్రేమ అంటారా? ఛీ, ఏమంటారు మరి?

పడిపోయింది. చెయ్యి విరిగింది. ఆస్పత్రిలో నేను ఏడుస్తుంటే తనే ఓదార్చింది, "నీ తప్పేమున్నది, పట్టుకొమ్మనే అన్నవ్ గద" అని. ఆ రోజు నుంచే నన్ను ఇష్టపడింది. నిజం చెప్తే ఆ ఇష్టం పోతుందని నోరు మూసుకున్నాను.

ఈ పొద్దున మా బిడ్డ మొదటిసారి స్నేహితురాలి బండెక్కి క్యాంపస్‌కు బయలుదేరబోతోంది. బాల్కనీ నుంచి సరిత కేకేసింది: "ఎనక రాడ్డు నమ్మకే, లూజుంటది! దాని భుజం పట్టుకో!"

నా అబద్ధాన్ని ఇన్నేళ్లు దాచి, కూతురికి జాగ్రత్తగా అప్పజెప్పింది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను. బిడ్డ చెయ్యి తీసి రాడ్డు మీద పెట్టాను. "ఇదే పట్టుకో బిడ్డా. గట్టిగుంటది."

పైకొచ్చి బాల్కనీలో బట్టల బకెట్టు ముందు కూర్చున్నాను. సరిత దగ్గరికొచ్చి నిలబడింది.

"గట్టిగుంటదా?"

"ఉంటది."

"అప్పుడు గూడనా?"

"అప్పుడు గూడ."

నా చేతిలో చొక్కా లాక్కొని, ఆ తిరగని చేత్తోనే పిండబోయింది. నీళ్లు కారుతూనే ఉన్నాయి. తిరిగి తీసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

రాడ్డు సంగతి చెప్పాను, సగం తేలికపడ్డాను. అద్దంలో చూసి కూడా ఆగలేదన్న సంగతి మాత్రం ముందు మీకే చెప్పాను. ఆమె ఇంకా బాల్కనీలోనే ఉంది. అదీ చెప్పడానికి వెళ్తున్నాను.