అద్దకపు చెయ్యి

పెడన కలంకారీ షెడ్డులో దయామణి చేతిని మించిన చెయ్యి లేదు. బల్ల మీద గుడ్డ పరిచి, చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి పిడికిలితో దబ్బున గుద్దాలి. ఇరవై రెండేళ్లుగా రోజూ అదే గుద్దు. భుజం లాగని ఆడది ఆ షెడ్డులో లేదు. కొత్తగా చేరినవాళ్లు చెయ్యి పట్టుకుని ఏడిస్తే దయామణి నవ్వేది. "నొప్పొచ్చిందంటే పని వంటబట్టిందన్నమాటే. పోయి టీ తాగి రా!" అనేది.

అందుకే తన కుడి చంకలో మొదలై మోచేతి దాకా మంట పుట్టినప్పుడు ఆమె లెక్కచెయ్యలేదు. రొమ్ములో ఓ పక్కన చింతగింజంత గడ్డ తగిలింది. అది నొప్పి పెట్టలేదు కాబట్టి వదిలేసింది. నొప్పి పెట్టేది చెయ్యి కదా, వైద్యం చేతికే అనుకుంది. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక రైలెక్కి గుడివాడ వెళ్లి, నరాలు సరిచేస్తాడని పేరున్న కోదండరామయ్య చేత నూనె పెట్టి తోమించుకునేది. ఎనిమిది నెలలు! గడ్డ సంగతి ఆయనకు చెప్పలేదు. మగవాడి ముందు ఆ మాట ఎలా అంటుంది? సిగ్గు తగలెయ్య, ప్రాణం మీదికి తెచ్చింది.

కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కి అచ్చు జారిపడిన రోజున కూతురు షీబా పోరు పెట్టి బందరు ఆసుపత్రికి లాక్కెళ్లింది. స్కానింగులు తీశారు, గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"రొమ్ము క్యాన్సరమ్మా. చంకలోకి పాకి, చేతికి వెళ్లే నరాల్ని చుట్టేసింది. ఆ మంటంతా దానిదే."

"పని ఎక్కువై నరాలు లాగుతున్నాయనుకున్నానండీ."

"నరాలు ఊరికే కూర్చోవమ్మా. గడ్డ పెరగడానికి అవి కూడా సాయం చేస్తాయని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఎల్లుండి మందులు మొదలుపెడదాం."

"నా చెయ్యి మళ్లీ నాకొస్తుందాండీ?"

డాక్టరమ్మ కాగితాలు సర్దింది. "ముందు ప్రాణం చూసుకుందాం. చేతి విషయంలో మాత్రం నేను మాట ఇవ్వలేను."

దయామణికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తన ఒంట్లో నరాలే ఆ మహమ్మారికి తోడుపోయాయా! "ప్రభువా, కాలు తీసుకోకూడదా? చెయ్యే కావాలా నీకు?" అని బస్టాండులో నిలబడి పైకే అడిగింది. షీబా ఆమె భుజం పట్టుకుని బస్సెక్కించింది.

మర్నాడు షీబా వద్దన్నా వినకుండా షెడ్డుకు వెళ్లింది. అచ్చు ఎత్తి గుద్దింది. గుడ్డ మీద మామిడి పిందె బొమ్మ సగమే పడింది. మళ్లీ గుద్దింది. మళ్లీ సగమే. గుడ్డ పాడైంది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే ఆమెను చంపేసింది.

పక్క బల్ల దగ్గర జెస్సీ ఉంది. ఇద్దరు పిల్లల తల్లి, నిరుడు పనిలో చేరింది. జబ్బు సంగతి షెడ్డులో ఇంకా ఎవరికీ తెలియదు. దయామణిని నవ్వించాలని జెస్సీ భుజం రుద్దుకుంటూ అంది.

"అక్కా, నాకూ చంకలోంచి లాగుతోందే. పని వంటబట్టిందంటావా?"

షెడ్డంతా ఘొల్లున నవ్వింది. దయామణి అచ్చు పడేసి వెళ్లి, అందరి ముందే జెస్సీ చంకలో చెయ్యి పెట్టి తడమసాగింది.

"అక్కా, చక్కిలిగిలే!" అంటూ జెస్సీ మెలికలు తిరిగింది.

"కదలకు. నేను చెప్పిందంతా తప్పే. కదలకే, నీకు దణ్ణం పెడతాను."

నవ్వులు ఆగిపోయాయి. దయామణి ఇంకా తడుముతూనే ఉంది. గడ్డ ఉందో లేదో తెలియడం లేదు. అలవాటుకొద్దీ ఆమె పెట్టింది కుడిచెయ్యి.