వెనక గేటు తాళం

మా పెద్దమ్మను పేరు పెట్టి పిలిచేవాళ్ళు బడిలో ఒక్కరూ లేరు. హెడ్మాస్టరు మొదలుకొని ఆరో తరగతి పిల్లల దాకా అందరికీ తాళాలమ్మే. ముప్ఫై ఒక్క గదులవీ రెండు గేట్లవీ తాళాలన్నీ ఆవిడ నడుముకే వేలాడుతుంటాయి. వరండాలో నడుస్తుంటే గలగల ముందొస్తుంది, తిట్లు వెనకొస్తాయి. నేను అదే బడిలో లెక్కల టీచర్ని. అయినా నాకు మినహాయింపేమీ లేదు. "కిటికీలు వేయకుండా పోయావు, తడిసిన బల్లలు మీ అత్తగారొచ్చి తుడుస్తుందా?" అని పిల్లల ముందే కడిగేస్తుంది. పిల్లలకు అంతకన్నా ఏం కావాలి!

పాత బడి పడగొట్టి కొత్త హైస్కూలు కడతామన్నారు. నమూనా తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టారు. నిజం చెప్పాలంటే బ్రహ్మాండంగా ఉంది. మధ్యాహ్నం కూడా ఫ్యాను అక్కర్లేకుండా గాలి వచ్చే గదులు, పైకప్పంతా సోలారు పలకలు, వాననీళ్ళు చేరడానికి ఓ చెరువు, స్పాంజి ముక్కలతో చెట్లు. ఆర్కిటెక్టు మేడమ్ ఓపిగ్గా వివరించింది. అందరం చప్పట్లు కొట్టాం. సిబ్బందంతా సంతకం పెట్టాల్సిన సమ్మతి కాగితం చేతులు మారుతూ వస్తే మూడో సంతకం నేనే పెట్టాను.

పెద్దమ్మ మాత్రం బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"వెనక గేటేదీ?"

"తాళాలమ్మా, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నీకెందుకు?" అన్నారు హెడ్మాస్టరు.

"మీకన్నా రెండేళ్ళు పెద్దదాన్నే సార్. గేటేదని అడుగుతున్నా."

ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ కాగితాలు తిరగేసింది. "అక్కడున్న గేటు వాడుకలో లేదని సర్వేలో రాశారమ్మా. గొలుసు చుట్టి, రెండు తాళాలు వేసి ఉందట. అందుకే గోడ గీశాం."

"ఏ రోజు కొలిచారు?"

"ఆదివారం. పిల్లలుండరని."

పెద్దమ్మ చెయ్యి నడుముకున్న గుత్తి మీదికి పోయింది. ఒకసారి సెలవు రోజున ఎవరో బడి కుళాయిలు విప్పుకుపోయారు. అప్పటినుంచీ ప్రతి ఆదివారం వెనక గేటుకు గొలుసు చుట్టి రెండు తాళాలు బిగించేది ఆవిడే. ఆ తాళాలు చూసే సర్వే వాళ్ళు గేటును చంపేశారు.

ఆ గేటంటే ఏమిటో ఆ కాగితాలకేం తెలుసు? దాని వెనక సందులో దర్జీలు, ఇస్త్రీ వాళ్ళు, వెల్డింగు వాళ్ళు ఉంటారు. మా పిల్లల్లో సగం మంది అక్కడివాళ్ళే. సాయంత్రం బడి లైబ్రరీకి సందు జనమంతా వస్తారు. గేటు లేకపోతే లారీలు తిరిగే రోడ్డు మీదుగా రెండున్నర కిలోమీటర్లు చుట్టి రావాలి. మాదీ ఆ సందే. పెద్దమ్మ చిన్నతనంలో అక్కడ గోడే ఉండేది. ఆ రోడ్డు మీద ఎదిగిన ఆడపిల్లను పంపనన్నాడు మా తాత. ఆరో తరగతితో ఆవిడ చదువు ఆగిపోయింది, ఆ తర్వాత మా అమ్మదీ అంతే. తర్వాత ఎన్నేళ్ళకో గోడ కొట్టి గేటు పెట్టారు. నేనీరోజు చాక్‌పీసు పట్టుకున్నానంటే ఆ గేటు పుణ్యమే. అదంతా తెలిసీ, చెరువూ చెట్లూ చూసి మురిసిపోయి సంతకం పారేశాను. సిగ్గుచేటు కాక మరేమిటి?

ఇంటికొచ్చాక పెద్దమ్మ అన్నం కెలుకుతూ కూర్చుంది.

"నా తాళమే కొంప ముంచిందే. నా చేత్తోనే వేశాను."

"నీకేం తెలుసు పెద్దమ్మా..."

"నోర్ముయ్. నీకు తెలుసుగా, నువ్వెందుకు సంతకం పెట్టావు?"

నేను నా కంచం తీసుకుని పెరట్లోకి నడిచాను.

మర్నాడు సమ్మతి కాగితం మీద సంతకం పెట్టనని ఆవిడ తెగేసి చెప్పింది. హెడ్మాస్టరు ఒంటికాలి మీద లేచారు. "ఏడు నెలల్లో రిటైరయ్యేదానివి, నీకెందుకీ గోల? పై వాళ్ళకు రాశానంటే ఆ ఏడు నెలలూ ఉండవు!"

"రాసుకోండి. ఏడు నెలల కోసం నేను గోడకు సంతకం పెట్టను."

వారం తర్వాత ఆఖరి పరిశీలనకు మేడమ్ వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి హెడ్మాస్టరు స్థలం చూపిస్తుంటే పెద్దమ్మ ఎదురెళ్ళి, "సందు కూడా ఓసారి చూడండమ్మా, పది నిమిషాలు," అంది. మేడమ్ సరేనంది. ఖాళీ పీరియడు కదాని నేనూ వెంట వెళ్ళాను. నలుగురం వెనక గేటు దాటాం. దర్జీ ఆవిడ మిషను ఆపి, లైబ్రరీలో చూసి నేర్చుకున్న కుట్లు చూపించింది. ఇస్త్రీ ఆయన తన ముగ్గురు కూతుళ్ళు ఏ తరగతో, ఎవరికెన్ని మార్కులో అప్పజెప్పాడు. మేడమ్ ఏదో రాసుకుంటోంది.

ఇంతలో వెనక గొలుసు చప్పుడైంది. చూస్తే పెద్దమ్మ గేటుకు గొలుసు చుట్టేసి, రెండు తాళాలూ బిగించి, గుత్తి నడుముకు దోపుకుంది.

"ఏమిటిది? తియ్!" హెడ్మాస్టరు మొహం ఎర్రబడింది.

"ఇక్కడ గేటెక్కడుంది సార్? గోడ కదా! పదండి, మీ ప్లాను ప్రకారమే బడికెళ్దాం."

"నీకు మతి పోయిందా? నాకు మూడింటికి మీటింగుంది!"

"పిల్లలకి తొమ్మిదింటికి బడి ఉంటుంది సార్, రోజూ."

ఆవిడే ముందు నడిచింది. అరవై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి, మోకాళ్ళ నొప్పులు, పైన మాడు పగిలే ఎండ. సందు దాటి లారీ రోడ్డెక్కాం. పక్కన నడవడానికి జానెడు చోటు లేదు. మలుపులో ఓ లారీ ఎంత దగ్గరగా దూసుకుపోయిందంటే మేడమ్ నా చెయ్యి పట్టేసుకుంది. హెడ్మాస్టరు చెప్పు తెగింది. దాన్ని చేత్తో పట్టుకుని, సణుక్కుంటూ, కాలే తారు మీద గెంతుతూ వచ్చారు. నవ్వకూడదనుకుంటూనే నవ్వాను. పెద్దమ్మ నవ్వలేదు. ఎక్కడ పిల్లలు రోడ్డు దాటాలో అక్కడల్లా ఆగి, చెయ్యి పెట్టి చూపించింది.

ముందు గేటు చేరేసరికి నలభై రెండు నిమిషాలు. మేడమ్ చెట్టు కింద కూలబడి సీసాడు నీళ్ళు తాగేసింది. కాసేపాగి, "వానొస్తే బడి ఆవరణలో నీళ్ళెటు పోతాయమ్మా?" అని అడిగింది.

"వెనక గేటు కిందుగానే. మీ గోడ కడితే మీ చెరువు కాదు, బడే చెరువవుద్ది."

నెల తిరిగేసరికి కొత్త ప్లాను వచ్చింది. వెనక గేటు వెడల్పు రెట్టింపు. లైబ్రరీ దాని పక్కకే వచ్చింది, సందు వైపు వాకిలితో. ఇరవై అడుగుల దారి, రెండు పక్కలా నీడ. అందరూ మళ్ళీ చప్పట్లు కొట్టారు.

అదే రోజు పెద్దమ్మకు మెమో అందింది. బడి వేళల్లో అనుమతి లేకుండా గేటు ఎందుకు మూశారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. జవాబు నన్ను రాయమంది. కాస్త మెత్తగా, పొరపాటైందని రాద్దామన్నాను.

"పొరపాటా? నేను చెప్పింది చెప్పినట్టు రాయి. 'అయ్యా, నేను ఆ గేటు మూసింది ఒక్క గంట. మీరంతా సంతకాలు పెట్టి ఎప్పటికీ మూసేశారు. మీ సంజాయిషీ ముందు రానివ్వండి, నాది తర్వాత ఇస్తాను.'"

అక్షరం మార్చకుండా రాశాను. "మీరంతా" అన్నచోట చెయ్యి కాస్త ఆగింది. ఆవిడ కింద సంతకం పెట్టి కాగితం మడవబోతుంటే లాక్కుని, ఆ పక్కనే నేనూ సంతకం పెట్టాను.