మోకాలి మీది వేళ్ళు

సినిమా ఒప్పుకునే ముందు సంగీత దర్శకుడు దాన్ని శబ్దం ఆపేసి చూస్తాడు. కుడిచెయ్యి మోకాలి మీద పెట్టుకుంటాడు. వేళ్ళు వాటంతటవే బాణీ కడితే సరే. లేకపోతే ఎంత పెద్ద హీరో సినిమా అయినా టీ ఇచ్చి సాగనంపుతాడు. ఇవాళ తల్లి కూతురి జుట్టు దువ్వే దృశ్యం దగ్గర వేళ్ళు ఆడాయి. సినిమా తెచ్చిన కొత్త దర్శకుడికి ప్రాణం లేచొచ్చింది. సంగీత దర్శకుడు మాత్రం చెయ్యి చటుక్కున ఒళ్ళోకి లాక్కుని, "నావల్ల కాదు బాబూ, ఇంకెవరినైనా చూసుకో" అన్నాడు.

దర్శకుడు మొహం వేలాడేసుకుని వెళ్ళాక, భార్య గ్లాసులు తీస్తూ అడిగింది: "వేళ్ళు ఆడాయిగా! మరెందుకు వద్దన్నారు?"

మోకాలి మీద వాయించిందే ఆయన హార్మోనియం మీద వాయించాడు. ఆవిడ నవ్వుతూ గొంతు కలిపింది. పెళ్ళైన కొత్తలో ఆయన కట్టిన పాట అది.

"ఈమధ్య ఏ సినిమా చూసినా వేళ్ళకి ఇదే వస్తోందే," అన్నాడాయన.

ఆవిడ పాట ఆపేసింది. ఆయన వేళ్ళు మాత్రం ఆగలేదు.